చూసిన మాట

సాంచెలు నడుస్తుంటే యూనివర్సిటీ నేత ల్యాబులో పక్కన నిలబడి అరిచినా వినపడదు. మరమగ్గాలను సాంచెలనడం సిరిసిల్ల నుంచి సూరత్ దాకా నేతపని మనుషుల అలవాటు. అవన్నీ ఒక్కసారి మొదలైతే కిటికీ అద్దాలు అదురుతాయి, బల్ల మీద నీళ్ల సీసా తనంతట తానే జరుగుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారమంతా తలనొప్పి మాత్రలు మింగుతారు. వినోదకు మాత్రం అది పుట్టి పెరిగిన ఇంటి చప్పుడు. సూరత్ శివారు భేస్తాన్‌లో వాళ్ల గదికి గోడ అవతలే సాంచెల కార్ఖానా. చిన్నప్పుడు ఆ మోతకు నిద్రపోయేది, కరెంటు పోయి మోత ఆగితే ఉలిక్కిపడి లేచి కూర్చునేది.

ఆ మంగళవారం ఆమె ల్యాబులో ఉండకూడదు. కరోనా రెండోసారి వచ్చి పోయాక, వానాకాలంలో యూనివర్సిటీ తెరిచారు, సగం సగం పిల్లలతో. ఒక బ్యాచ్ ల్యాబులో ఉన్న రోజు రెండో బ్యాచ్ ల్యాబు ఛాయలకు రాకూడదు. వినోదది రెండో బ్యాచ్. కానీ ఆమె సాంచె మీద పోగులు తెగి ఉన్నాయి. తెల్లారి తన వంతు వచ్చేలోపు ఎవరో ఒకరు వాటిని కత్తిరించి పారేస్తారని ఆమెకు గట్టి నమ్మకం. తెగిన పోగును చూసి ఊరుకోవడం వాళ్లింట్లో ఎవరికీ చేతకాదు. అందుకే గుట్టుగా వచ్చి, వెనక గోడ దగ్గర, నూలు చుట్టిన పెద్ద బీము చాటున కింద కూర్చుని ఒక్కొక్క పోగూ అతుకుతోంది. నిబంధన నిబంధనే, పోగు పోగే అనుకుంది.

ముందు వరసలో హిమశ్రీ పనిచేస్తోంది. హిమశ్రీ వినోదతో ఒకే గదిలో ఉంటుంది. వాళ్ల నాన్న సూరత్ అవతల హజీరాలో ఒక కంపెనీ ఇంజనీరు, సొంతూరు గుంటూరు వైపు. మెత్తని పిల్ల. మెస్సులో ఇంకో రొట్టె కావాలన్నా పక్కవాళ్లతో అడిగించుకుంటుంది.

వెంకటాచలం సారు ఆమె దగ్గరకు వచ్చాడు. ల్యాబుకు పెద్ద ఆయనే, కరోనా నిబంధనలు చూసే ఆఫీసరూ ఆయనే. సూరత్‌లో తెలుగు పిల్లలకు సీటు కావాలన్నా, హాస్టల్ కావాలన్నా ఆయన మాటసాయం చేస్తాడని పేరు. వినోద సీటూ అలా వచ్చిందే. ఆమె తండ్రి రాజనర్సు ఆయన పేరు వింటే కూర్చున్నవాడు లేచి నిలబడతాడు.

సారు మాస్కు గడ్డం కిందికి దించాడు. మోతలో చెవి దగ్గర అరవాలంటే అందరూ చేసేదే. కానీ ఆయన అరవలేదు. హిమశ్రీ చెవి దగ్గరగా వంగి, నింపాదిగా, తెలుగులో మాట్లాడాడు. ముఖం వెనక గోడ వైపే ఉంది.

"టెర్రస్ మీద కేకు కోసిన సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం నా క్వార్టర్‌కి రా. ఒక్కదానివే రా. కొంచెం అందంగా తయారై రా."

ఈ మాటలు వినోద వినలేదు, చూసింది. సాంచెల మధ్య పెరిగినవాళ్లకు మాటను చూడడం మామూలు సంగతి. కార్ఖానాలో ఆమె తల్లి గంగవ్వ ఒక మూల బాబిన్లు చుడుతుంది, తండ్రి ఇంకో మూల సాంచెలు చూస్తాడు. కూర బాగుందా అన్న దగ్గర నుంచి నీ అన్నతో మనకు పొత్తు వద్దన్నదాకా ఆ రెండు మూలల మధ్య పెదవులతోనే నడుస్తుంది. వాళ్ల కాపురంలో సగం పోట్లాటలు చప్పుడు లేకుండానే జరిగాయి. వినోద అన్నం గిన్నె తీసుకెళ్లి గడప దగ్గర నిలబడితే, ఇవాళ ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో అక్కడి నుంచే తెలిసిపోయేది.

హిమశ్రీ చేయి సాంచె మీద నుంచి జారింది. పోగు తెగి సాంచె ఆగిపోయింది. అదే సమయానికి కరెంటు పోయి, మిగతావీ ఒక్కొక్కటే ఆగాయి. ల్యాబు ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దంలోకి సారు మాస్కు పైకి లాక్కుని, గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు.

"చూసుకో అమ్మా, పోగు తెగింది. పని మీద ధ్యాస ఉండాలి."

వినోదకు ఒళ్లు మండిపోయింది. మొదటి మాటకన్నా ఈ రెండో మాటకే ఎక్కువ మండింది. లేవబోతే బీము తలకు కొట్టుకుంది. ఆ చప్పుడుకు సారు అటు వచ్చాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. ఇవాళ నీ బ్యాచ్ కాదు కదా అని మెల్లగా అడిగాడు. సరేలే, ఎవరికీ చెప్పనులే అన్నాడు. మొన్న ఆదివారం గేటు సంగతీ చెప్పలేదు కదా, నా కడుపులోనే ఉంది అని నవ్వి వెళ్లిపోయాడు.

మొన్న ఆదివారం గంగవ్వకు జ్వరమని తెలిసి వినోద వెనక గేటు నుంచి భేస్తాన్ వెళ్లి వచ్చింది. వాళ్ల గల్లీ చివర కరోనా కేసులున్నాయని అప్పటికింకా తడికెలు కట్టి ఉన్నాయి. అలాంటి చోటి నుంచి వచ్చినవాళ్లు పరీక్ష చేయించుకోకుండా హాస్టల్‌లో అడుగుపెడితే హాస్టల్ నుంచి పంపించేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర సారు ఎదురుపడ్డాడు, ఏమీ అనకుండా లోపలికి వదిలాడు. దేవుడిలాంటి మనిషి అని ఆమె ఆ రోజు తల్లికి ఫోన్ చేసి చెప్పింది. తాను ఆ మాట అన్నందుకు ఇప్పుడు ఆమెకు తన మీద తనకే చిరాకేసింది. అది దయ కాదు, మెడలో పడిన తాడు. కొస ఆయన చేతిలో ఉంది.

సాయంత్రం గదిలో హిమశ్రీ ముందు ఏమీ లేదంది. సారు పోగు గురించే మాట్లాడాడంది. వినోద ఆయన అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. హిమశ్రీ మంచం మీద కూర్చుండిపోయింది.

"నీకెలా వినపడింది?"

"వినలే. చూసిన."

అప్పుడు ఏడ్చింది హిమశ్రీ. తన పుట్టినరోజని తొమ్మిదో తరగతి పిల్లల్లా టెర్రస్ తాళం తీయించి కేకు కోశారు. మగపిల్లలూ వచ్చారు. మాస్కులు ఎవరికీ లేవు. అది బయటపడితే హిమశ్రీ ఒక్కతే కాదు, వచ్చిన స్నేహితులందరూ హాస్టల్ వదలాలి. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి హజీరా తీసుకుపోతారు. ఆదివారం వెళ్లకపోతే సారు చెప్పేస్తాడు. ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉంది ఆమె పని.

నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉంది కదా అని వినోద గుర్తుచేసింది. వేధింపుల కమిటీకి కొత్తగా వచ్చిన దక్షాబెన్ మేడం అంటించిందది. వేధింపుల గురించి చెప్పడానికి వచ్చినవాళ్ల మీద చిన్న చిన్న కరోనా తప్పులకు ఏ చర్యా ఉండదు, వాటికి మాఫీ అని రాసి ఉంది. హాస్టల్‌లో దాన్ని నమ్మినవాళ్లు ఎవరూ లేరు. ఎలుకల బోనులో కొబ్బరి ముక్క అని నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో వినోద కూడా ఉంది.

"బోనో కాదో ఎవరన్న ఒకరు తల పెట్టి చూడాలె గద," అంది ఇప్పుడు. "నేను చెప్త. నీ పేరు తియ్య."

"నీ సీటు పోతుందే."

"పోతే సాంచెలున్నయి. మా అవ్వ పక్కన కూసుంట."

అనడం అన్నది గానీ, అది అంత తేలిక కాదని ఆమెకూ తెలుసు. వాళ్ల గల్లీలో ఇంతవరకు ఏ ఆడపిల్లా యూనివర్సిటీ గుమ్మం తొక్కలేదు.

గురువారం రాజనర్సు సర్వపిండి తెచ్చాడు. గంగవ్వకు జ్వరం తగ్గి పొయ్యి దగ్గరకు వచ్చాక మొదట చేసింది అదే. బయటివాళ్లు గేటు దగ్గరకు రాకూడదు. తెచ్చిన డబ్బాను బల్ల మీద పెట్టి రోడ్డుకు అవతల నిలబడాలి, అప్పుడు పిల్లలు వచ్చి తీసుకోవాలి. మధ్యలో లారీలు, బస్సులు, వాన నీళ్లు. మిగతా తల్లిదండ్రులు అవతల నుంచి ఫోన్లు చేసి ఇవతలి పిల్లలతో అరుస్తూ మాట్లాడతారు. రాజనర్సుకు ఆ అవసరం లేదు. మాస్కు దించాడు. వినోద కూడా దించింది.

అవ్వ ఎట్లుంది, తిన్నవా, సన్నబడ్డవేంది అన్న మాటలయ్యాక, వినోద సారు సంగతి ఎత్తింది. కమిటీకి చెప్పబోతున్నానంది. రాజనర్సు ముఖం మాడిపోయింది. చేతులు అడ్డంగా ఊపాడు. ఆయన మనోడన్నాడు, సీటు ఇప్పించిన మనిషన్నాడు, ఎవలో పెద్దింటి పిల్ల కోసం నువ్వు మెడ మీద కత్తి పెట్టుకుంటవా అన్నాడు. జరమని తాను ఫోన్ చేయకపోతే ఆ వెనక గేటు గోలే ఉండేది కాదని తనను తాను తిట్టుకున్నాడు. మధ్యలో లారీ అడ్డం వచ్చింది. అది పోయేసరికి ఆయన ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాడు.

వినోద ఆగమని చేయి ఎత్తింది. సారు అన్న మాటలు అన్నట్టే పెదవుల మీద చూపించింది. ఆదివారం రా. ఒక్కదానివే రా. అందంగా తయారై రా.

రాజనర్సు కదల్లేదు. ఒక బస్సు పోయింది. ఇంకో బస్సు పోయింది. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, వాన అప్పటికి ఆగిపోయి ఉంది.

"నిన్నేమన్నడు?" అని అడిగాడు పెదవులతో.

నన్నేమీ అనలేదంది.

"ఇయ్యాల ఆ బిడ్డ. రేపు నువ్వు." కాసేపు చెప్పుల వైపు చూసి తలెత్తాడు. "చెప్పు బిడ్డా. సీటు పోతే పోనీ, మన సాంచెలు ఎటు పోవు. గట్టిగ చెప్పు."

మాస్కు పైకి లాక్కుని, వెనక్కి చూడకుండా బస్టాపు వైపు నడిచాడు. సర్వపిండి ఇంకా వెచ్చగా ఉంది. వినోద గేటు దగ్గరే నిలబడి ఒక ముక్క తినేసింది, రెండోది హిమశ్రీకి దాచింది.

శుక్రవారం పొద్దున కమిటీ గదిలో బల్లలు దూరదూరంగా వేసి ఉన్నాయి. దక్షాబెన్ మేడం పొట్టిగా, తెల్ల జుట్టుతో, చేనేత చీరలో ఉంది. పక్కన ఇద్దరు టీచర్లు. కూర్చోమన్నారు. చెప్పమన్నారు.

వినోద చెప్పడం మొదలుపెట్టింది. రాత్రంతా హిందీలో కూడబెట్టుకున్న మాటలన్నీ వరసగా చెప్పేసింది. చెప్పి ముగించి, వాళ్ల ముఖాల వైపు చూసింది. ముగ్గురూ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. అమ్మాయ్, మొదలుపెట్టు అంది మేడం.

అప్పుడు తెలిసింది ఆమెకు. గొంతు పెగల్లేదు. గుండె దడదడలాడేసరికి కార్ఖానా అలవాటు ముందుకొచ్చింది, మాటలన్నీ పెదవుల మీదే ఆడాయి. వాళ్లకు కనపడింది కదులుతున్న మాస్కు మాత్రమే. గంగవ్వకూ అంతే, కోపం ఎక్కువైతే ఇంట్లో కూడా నోరే ఆడుతుంది, మాట బయటికి రాదు. వినోదకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

లేచి కిటికీ దగ్గరకు, అందరికీ దూరంగా వెళ్లి నిలబడింది. మాస్కు దించవచ్చా అని అడిగింది. మేడం తలూపింది. ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. ఈసారి గొంతు అవతలి అంచుకు పోయింది. సాంచెలు ఆగిన మరుక్షణం కార్ఖానా మనుషులు మాట్లాడే గొంతు అది, నాలుగు గోడలకూ కొట్టుకుని తలుపు దాటి వరండాలోకి పోయింది.

"నేను వెనక గేటు నుంచి ఇంటికి పోయి వచ్చాను! పరీక్ష చేయించుకోలేదు! మంగళవారం నా బ్యాచ్ కాకపోయినా ల్యాబుకు వెళ్లాను! ఈ రెండూ నా తప్పులు, ముందే చెబుతున్నాను!"

తర్వాత తాను చూసింది చెప్పింది. ఆ పిల్ల పేరు చెప్పలేదు, టెర్రస్ మాటా ఎత్తలేదు. నీ తప్పు నా దగ్గరుంది, ఎవరికీ చెప్పను, ఆదివారం రా అన్నాడని చెప్పింది.

పక్కనున్న టీచరు, అంత మోతలో నీకెలా తెలిసిందని అడిగింది. వినోద చెప్పింది. మేడం లేచి, అద్దాల తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లి, తలుపు మూసి, అవతల నిలబడి మాస్కు దించింది. గుజరాతీలో పెదవులు కదిపింది.

"టీ తాగావా, ముఖం అలా పీక్కుపోయిందేం అని అడిగారు," అంది వినోద గదిలో ఉన్నవాళ్లతో. "తాగలేదు."

మేడం లోపలికి వచ్చి టీ తెప్పించింది. ఇది గుట్టుగా జరగాల్సిన విచారణ, ఇంత గట్టిగా చెప్పమనలేదు అని కోప్పడింది కూడా. వెనక గేటుకూ, బ్యాచ్‌కూ మాఫీ అని అక్కడే చెప్పింది. పరీక్ష మాత్రం ఇప్పుడే చేయించుకోమని దవాఖానాకు పంపింది. మాఫీ తప్పుకే గానీ ముక్కుకు కాదన్నమాట. నర్సు పుల్ల పెట్టి తిప్పితే వినోద కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నెగెటివ్ వచ్చింది. మధ్యాహ్నం మెస్సులో కూర్చుని కిచిడీ తింటుంటే నలుగురైదుగురు పిల్లలు దూరం నుంచి ఆమెనే చూస్తున్నారు. పొద్దున ఆ గొంతు వరండాలో ఎంతమంది చెవిన పడిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

భోజనాలయ్యాక మళ్లీ పిలిచారు. వెంకటాచలం సారు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో శానిటైజర్ సీసా. చిన్నబోయినట్టు లేడు. పేద పిల్లని జాలిపడ్డానని మొదలుపెట్టాడు. తడికెలు కట్టిన గల్లీ నుంచి పరీక్ష లేకుండా వచ్చింది, వెనక గేటు దగ్గర నేనే పట్టుకున్నాను. చెబితే హాస్టల్ పోతుందని కడుపులో పెట్టుకున్నాను. మొన్న మళ్లీ ల్యాబులో దొరికింది, మందలించాను. ఆ కక్షతో ఈ కథ అల్లింది. సాంచెల మోతలో ఎవరి మాటైనా ఎవరికైనా తెలుస్తుందా మేడం, మీరే చెప్పండి అని నవ్వాడు.

వినోద బల్ల అంచు వైపు చూపు దించుకుంది. తన గురించి ఆయన చెప్పిందంతా నిజమే.

దక్షాబెన్ మేడం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆ రెండు తప్పులూ ఈ అమ్మాయి పొద్దున్నే తన నోటితో చెప్పింది. వాటికి మాఫీ అయిపోయింది. ఇప్పుడు మీ సంగతి చెప్పండి. నిబంధనల ఆఫీసరు మీరు. పట్టుకున్న రోజే మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను కదా మేడం. జాలి."

"ఇంకా ఎంతమంది మీద జాలి పడ్డారు?"

సారు చొక్కా కాలర్ సర్దుకున్నాడు. అందరికీ ఒకటీ అరా ఉంటాయి కదా అన్నాడు.

"అందులో మగపిల్లలు ఎవరైనా ఉన్నారా?"

ఆయన శానిటైజర్ చేతుల్లో పోసుకుని రుద్దుకున్నాడు. అది ఆరిపోయినా రుద్దుతూనే ఉన్నాడు. ఇంతసేపూ బల్ల అంచు చూస్తున్న వినోద తలెత్తి ఆయన్ని సూటిగా చూసింది. తన తప్పును ఆయన ఎంత భద్రంగా దాచాడో, అంత బరువుగా అది ఇప్పుడు ఆయన మీదే పడింది. ఆమెకు సంతోషం కలిగింది. దాచుకోవడమెందుకు, చాలా సంతోషం కలిగింది.

విచారణ ముగిసేదాకా ల్యాబూ, కరోనా పనీ రెండూ వేరేవాళ్లకు అప్పగిస్తున్నానంది మేడం. పిల్లలెవరికీ కబురు పెట్టకూడదని ఆయనకు గట్టిగా చెప్పింది. ఆయన వెళ్లాక వినోదను దగ్గరకు పిలిచింది.

"నువ్వు చూసింది సగమే. మిగతా సగం ఆ అమ్మాయి వచ్చి చెప్పాలి. రాకపోతే ఆయన రెండు వారాల్లో తిరిగొస్తాడు. బలవంతపెట్టకు. తలుపు తీసి ఉందని మాత్రం చెప్పు."

గదికి వచ్చి వినోద జరిగిందంతా చెప్పింది. హిమశ్రీ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వింది. టెర్రస్ మాట ఎత్తలేదు కదా అని అడిగింది. లేదంది వినోద. హిమశ్రీ దుప్పటి లాక్కుంది. గోడ వైపు తిరిగి పడుకుంది. రా, నేనున్న గద అనాలని వినోద నాలుక చివరిదాకా వచ్చింది. మేడం మాట గుర్తొచ్చి మింగేసింది. ఆమెకు అంతకన్నా కష్టమైన పని ఆ వారంలో ఇంకొకటి లేదు.

శనివారం లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది.

వినోద ముఖం కడిగీ కడగక కమిటీ గది వైపు పరుగెత్తింది. వరండా మలుపు తిరిగి ఆగిపోయింది. దూరం పాటించాలని నేల మీద తెల్ల సున్నంతో గుండ్రాలు గీసి ఉన్నాయి. గీసిన నాటి నుంచి వాటిలో ఎవరూ నిలబడగా చూడలేదు. ఇవాళ తలుపు దగ్గర నుంచి మెట్ల దాకా గుండ్రానికి ఒకరు చొప్పున ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. గదిలో కరెంటు పొయ్యి మీద మ్యాగీ వండుకున్నదని అందరూ ఏడిపించే పిల్ల ఉంది. రోడ్డు మీద బండి దగ్గర లోచో తినడానికి గోడ దూకిన పిల్ల ఉంది. వీళ్ల తప్పులన్నీ హాస్టల్‌లో నవ్వుకోవడానికి చెప్పుకునేవే. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. వినోదకు మాఫీ నిజంగానే దొరికిందని రాత్రికే హాస్టలంతా తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదులే అని సారు ఎంతమందితో అన్నాడో వినోదకు ఆ వరస చూస్తే తెలిసింది. 

అద్దాల తలుపు అవతల హిమశ్రీ ఉంది. ఒక పక్కకు తిరిగి నిలబడి మాస్కు దించింది. పెదవులు కదిలాయి. వినోద అలవాటు కొద్దీ చూడసాగింది. నా పేరు... టెర్రస్... అంతే, పెదవులు ఆగిపోయాయి. మేడం ముందుకు వంగింది. వినోద చున్నీ అంచు పిడికిట్లో బిగించింది. గట్టిగా చెప్పవే, గట్టిగా అని ఆమె పెదవులే ఆడాయి, అటువైపు ఎవరూ చూడటం లేదని తెలిసి కూడా.

హిమశ్రీ మేడం వైపు తిరిగింది. తలుపులోంచి ఇప్పుడు ఆమె జడ తప్ప ఏమీ కనపడటం లేదు.

"టెర్రస్ మీద కేకు కోసింది నేనే!"

ఆ గొంతు వరండా చివరిదాకా వచ్చింది. ఇంకో రొట్టె అడగలేని పిల్ల గొంతది. దాని వెంట మిగతా మాటలూ వచ్చాయి, కొన్ని గట్టిగా, కొన్ని ఏడుపుతో. వినోద తలుపు వైపు చూడడం మానేసి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఇప్పుడు చూడాల్సిన పని లేదు, అన్నీ వినపడుతున్నాయి.

వరసలో పిల్లలు ఒక గుండ్రం ముందుకు జరిగారు.